ఎర్రపువ్వు ఎంపీసీ, తెల్లపువ్వు బైపీసీ

జనవరి 18

పురుగుమందుల కొట్టువాళ్ళు ఏటా ఒక డైరీ ఇస్తారు. మా ఆయన ఏటా దాన్ని తెచ్చి టీవీ పక్కన పెడతాడు. ఏడాదంతా అక్కడే పడి ఉండి, చివరికి పొయ్యిలోకి పోతుంది. ఈసారి నేను తీసుకున్నాను. కళ్ళంలో మిరపకాయలకు కాపలా కూర్చోవాలి. కోతులొస్తాయి, కుక్కలొస్తాయి, వాటితో ఎంతసేపని మాట్లాడను?

ఇవాళ గుంటూరు నుంచి ఒక కాలేజీ తాలూకు మనిషి వచ్చాడు. లక్ష్మీకాంత్ అట. మా ఉదయశ్రీకి పదో తరగతి పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయి, అప్పుడే ఇంటర్ సీటు మాట్లాడేసుకోమంటాడు. ఆరబోసిన కాయల్ని బూట్లతో తొక్కుకుంటూ వచ్చి, "అక్కా, మన ఉదయశ్రీకి ఏ గ్రూపు అనుకుంటున్నారు?" అన్నాడు. మన ఉదయశ్రీ అట! వీడెప్పుడు ఎత్తుకుని తిప్పాడో!

"ఎంపీసీ" అన్నాడు మా ఆయన. "బైపీసీ" అన్నాను నేను. ఇద్దరం ఒక్కసారే అన్నాం.

అతను నవ్వి, "ఇప్పుడు రెండూ కలిపి చదివే గ్రూపు కూడా వచ్చిందండీ. లెక్కలూ ఉంటాయి, బయాలజీ ఉంటుంది. బావగారి మాటా దక్కుతుంది, అక్క మాటా దక్కుతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పప్పులోనూ పాయసంలోనూ ఒకటే గరిటె పెట్టే రకం.

ఉదయ పక్కనే కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. తలెత్తలేదు. అతను దాన్ని అడగలేదు, మేమూ అడగలేదు. పరాయివాడి ముందు ఏం అడుగుతాం, తర్వాత అడగొచ్చులే అనుకున్నాను.

జనవరి 19

నిజానికి నాకేం పట్టింపు లేదు. పిల్ల ఇష్టమే నా ఇష్టం. బైపీసీ అయితే బాగుంటుందని, అంతే.

జనవరి 30

తండ్రీ కూతుళ్ళు టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్ళొచ్చారు. స్కూలు మానేసి దాన్ని ఎందుకు తీసుకెళ్ళడం అంటే, "అదే వస్తానంది" అంటాడు. రేటు లేదు. వచ్చి చొక్కా కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయాడు.

అన్నాలప్పుడు ఉదయ మొదలుపెట్టింది. "నాన్నా, పండించింది మనం కదా. రేటు వాళ్ళు చెప్పడమేంటి?"

"కొనేవాడు చెప్తాడు. అంతే."

"నిరుడు రేటు బాగుందని ఈ ఏడు ఊరంతా మిరపే వేశారు. అందరూ ఒకటే వేస్తే పడిపోక ఏమవుద్ది? ఎవరెంత వేస్తున్నారో విత్తనాలప్పుడే తెలిసే ఏర్పాటు ఉంటే?"

"తిని పడుకోవే తల్లీ. నాకు ఓపిక లేదు."

దాని బుర్ర చూస్తే నాకు ముచ్చటేసింది. ఎక్కడ జబ్బు ఉందో ఇట్టే పట్టేసింది. రేపు డాక్టరైతే రోగి గుమ్మంలో ఉండగానే చెప్పేస్తుంది.

ఫిబ్రవరి 9

మోకాలి నొప్పికి గుంటూరు వెళ్ళాను. డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళుంటాయేమో. తెల్లకోటు వేసుకుని ఫ్యాను కింద కూర్చుంది. ఎండ అనేది తగలని మొహం. నన్ను చూసి, "ఎన్నేళ్ళమ్మా? యాభై ఉంటాయా?" అంది. నలభై ఒకటి అని చెప్పడానికి సిగ్గేసి తలూపాను.

నా కూతురు ఆ కుర్చీలో కూర్చోవాలి. ఈ డైరీలో కాబట్టి రాస్తున్నాను. పొద్దున లేస్తే ఘాటు, తుమ్ములు, మంటలెత్తే చేతులు. ఆ చేతుల్తో కన్ను తుడుచుకుంటే ఇంక చెప్పక్కర్లేదు. ఈ బతుకు నాతో సరి.

ఇంటికొచ్చి ఆ మాటే అంటే మా ఆయన, "ఊళ్ళో ఎవర్ని చూసినా కంప్యూటరే. ఎంపీసీ అయితే నాలుగేళ్ళలో ఉద్యోగం. నీ డాక్టరు చదువు అయ్యేసరికి మనం ఉంటామో పోతామో" అన్నాడు.

"ఊరంతా మిరప వేస్తే మనమూ మిరప వేశాం. చూశాంగా ఏమైందో" అన్నాను. "కూరలో ఉప్పు లేదు" అన్నాడు.

ఫిబ్రవరి 10

ఉదయను అడిగాను. "నీకేం ఇష్టమే?" అని సూటిగానే అడిగాను.

"మీ ఇష్టం అమ్మా."

చూశావా! అడగలేదని రేపు ఎవరూ నన్ను అనకూడదు. అందుకే తారీఖు వేసి రాసిపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 21

రెండో కోత. కూలీలు రాలేదు. నేను, ఉదయ, పక్కింటి నసీమున్నీసా ముగ్గురమే కోశాం. చెయ్యి ఎత్తలేకపోతున్నాను.

మార్చి 5

హైస్కూల్లో తల్లిదండ్రుల మీటింగు. మా ఆయన చేలో పురుగుమందు కొట్టడానికి పోయాడు, నేనే వెళ్ళాను. సోషల్ చెప్పే ఇమ్మానియేలు మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, ఉదయశ్రీ గురించి ఒక మాట. సీఈసీ గ్రూపు ఆలోచించండి. ఎకనామిక్స్ అంటే ఆ పిల్లకు ప్రాణం. నేను ఒకటి చెప్తే అది నాలుగు అడుగుద్ది" అన్నారు.

"సీఈసీయా? అది మార్కులు రానివాళ్ళు తీసుకునేది కదండీ" అన్నాను.

"అలా అనుకోబట్టే మార్కులొచ్చే పిల్లలు అటు రావట్లేదమ్మా. మన మండలంలో గవర్నమెంట్ కాలేజీలోనే ఉంది. రోజూ ఇంటి నుంచి వెళ్ళి రావచ్చు."

మంచాయనే పాపం. తను చెప్పే సబ్జెక్టు మీద ఎవరికైనా మమకారం ఉంటుంది. సరేనండీ అని వచ్చేశాను. వరండాలో స్తంభం పక్కన ఉదయ నిలబడి ఉంది. దారిపొడుగునా ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా నా వెనకే వంటింట్లోకీ పెరట్లోకీ తిరిగింది. ఆకలేస్తోందేమోనని జంతికలు పెట్టాను.

మాస్టారి మాట మా ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది అందులో.

మార్చి 17

పరీక్షలు మొదలయ్యాయి. మా అత్తయ్య మాణిక్యమ్మగారు నన్ను బిందెతో ఎదురు రమ్మన్నారు. వచ్చాను. తెలుగు బాగా రాసిందట.

ఏప్రిల్ 2

పరీక్షలు అయిపోయాయి. ఆఖరి కోతా అయిపోయింది. నేనూ అయిపోయాను.

ఏప్రిల్ 23

ఫలితాలొచ్చాయి. ఆరొందలకు 571! పెదకాకాని స్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాను, కొట్టి రావాలి. మా ఆయన మైసూర్‌పాక్ తెచ్చి వీధంతా పంచాడు. నేను గిన్నె తీసుకుని ఎదురింటికి వెళితే, "ఎంపీసీయేగా?" అంది ఆవిడ. అప్పటికే ఈయన మైసూర్‌పాక్‌తో పాటు ఆ మాట కూడా పంచాడన్నమాట.

ఏప్రిల్ 26

మూడు రోజులుగా మాకు మాటల్లేవు. "మీ అమ్మను అన్నం పెట్టమను." "మీ నాన్నను కాళ్ళు కడుక్కుని రమ్మను." మధ్యలో ఉదయ. లక్ష్మీకాంత్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేస్తున్నాడు. ఎంపీసీకి ఒకటే సీటు ఉందట, బైపీసీకీ ఒకటే సీటు ఉందట. మా ఇద్దరి కోసమే మిగిలాయి కాబోలు!

ఏప్రిల్ 27

ఇక మా అత్తయ్య కల్పించుకున్నారు. "పూలు వేద్దాం" అన్నారు.

ఈ ఇంటి అలవాటు ఇది. కింద చేను మా ఆయనకూ మా బావగారికీ ఉమ్మడి. మిరప వెయ్యాలా, పత్తి వెయ్యాలా అని ఏటా అన్నదమ్ములు గొంతు చించుకుంటారు. అప్పుడు మా అత్తయ్య రెండు కాగితప్పొట్లాలు కడతారు. ఒకదాంట్లో మిరపకు ఎర్రమందారం, రెండోదాంట్లో పత్తికి తెల్ల నందివర్ధనం. సాయంత్రం దేవుడి ముందు పెట్టి, పొద్దున్నే చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తారు. ఏ పువ్వు వస్తే ఆ పంట. ఇంక ఎవరూ నోరెత్తరు. నోరెత్తితే దేవుణ్ణి కాదన్నట్టు.

"ఎర్రపువ్వు ఎంపీసీ. తెల్లపువ్వు బైపీసీ, డాక్టర్ల కోటు తెలుపేగా. దేవుడు ఏదంటే అది" అన్నారు. మా ఆయన సరేనన్నాడు. నేనూ సరేనన్నాను. ఉదయ, "రెండేనా నాయనమ్మా పొట్లాలు?" అంది. "రెండు కాక ఇంకెన్నే?" అన్నారావిడ.

ఆవిడకు ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది. అందుకని, "ఈసారికి నువ్వు కట్టమ్మాయ్" అని నాకు అప్పగించారు.

ఏప్రిల్ 28

రెండింట్లోనూ తెల్లపువ్వే పెట్టాను.

ఇంకేం రాయను. దాని మంచికే. తెల్లదారంతో మూడేసి చుట్లు చుట్టి, టిక్కీలు కుట్టే ముడి వేశాను. దేవుడికి తెలుసు నా బాధ.

ఏప్రిల్ 29

ఎర్రపువ్వు వచ్చింది.

నసీమున్నీసా మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, చిట్టి సిద్దికా చేత తీయించారు. అది పొట్లం విప్పి, "ఎర్ర పువ్వూ!" అని అరిచింది. మా ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు. రెండూ తెల్లవే కట్టాను, ఈ చేతులతోనే కట్టాను! అదెలా వస్తుంది? అడగడానికి లేదు. అడిగితే నా బండారం బయటపడుతుంది. నేనూ దణ్ణం పెట్టాను.

తీయని పొట్లాన్ని విప్పకూడదు. చేలో కాలవలో వదలాలి. అది నా చేతికిచ్చి పంపారు. కాలవలో చుక్క నీరు లేదు. తెచ్చి దేవుడి పటం వెనక దోపాను. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు చూడొచ్చు.

ఏప్రిల్ 30

దారం ముడి నాది కాదు. చిట్టి సిద్దికా లాగగానే ఊడొచ్చింది. నా ముడి అలా ఊడదు.

మే 1

మా ఆయన చేశాడా అంటే, ఆయనకు తన లుంగీ ముడే నిలవదు. మా అత్తయ్యకు కన్ను సరిగా ఆనదు. ఉదయ అలాంటిది కాదు. దేవుడే మార్చాడేమో. మోసం చేశాను కాబట్టి చెంప మీద కొట్టాడు. కొడితే కొట్టాడు, నన్నే కొట్టాలిగా, పిల్లనెందుకు మధ్యలోకి లాగడం?

మే 6

గుంటూరు వెళ్ళి సీటు ఖాయం చేసొచ్చారు. హాస్టలు. ఎంపీసీ. మా ఆయన నాతో మాట్లాడుతున్నాడు. గెలిచాడుగా, మాట్లాడక ఏం చేస్తాడు.

మే 15

ఎండ. ఇంట్లో ముగ్గురం ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాం. ఉదయ మాట్లాడదు. చెప్పిన పని చేస్తుంది, పిలిస్తే పలుకుతుంది. అది ఎప్పుడూ అంతే. ఎప్పుడూ అంతేనా?

మే 25

ట్రంకుపెట్టె దింపాలని అటక సర్దాను. అలాగే దేవుడి గూడు కూడా దులిపాను. పటం వెనక నుంచి పొట్లం జారి పడింది.

విప్పకూడదని తెలుసు. కానీ విప్పాను. దేవుడు మారిస్తే ఒకటే మార్చి ఉంటాడు, రెండోది నాదే, ఎండిపోయిన నందివర్ధనం ఉంటుంది, చూసుకుని ఊరుకుందాం అనుకున్నాను. నందివర్ధనం కాదు. ఎర్రదీ కాదు. నీలం. వడిలి ముడుచుకుపోయినా రంగు పోలేదు. శంఖుపువ్వు.

ఆ తీగ మా స్నానాలగది గోడ పక్కన ఉంది. ఉదయ పెట్టింది. రోజూ అదే నీళ్ళు పోస్తుంది. ఇంకెవరూ దాని జోలికి పోరు.

మే 26

అడిగాను. మా ఆయన, అత్తయ్య బావగారింటికి వెళ్ళాక. ఉదయ బట్టల మీద పేరు కుట్టుకుంటోంది. పువ్వు దాని ముందు పెట్టాను.

దాన్ని చూసి, "కాలవలో వెయ్యలేదా?" అంది.

"నీళ్ళు లేవు. ఇది నువ్వే పెట్టావా?"

"ఊఁ. ఆ సాయంత్రం దీపం పెట్టమంటే వెళ్ళాగా. నాదీ ఒకటి పెడదామనుకున్నా. నాయనమ్మ రెండే పొట్లాలు అంది. ఎవరిది తియ్యాలో తేల్చుకోలేక రెండూ విప్పాను. రెండూ నీవే ఉన్నాయి."

ఎండిన రేకుల్ని వేలితో సర్దుతూ కూర్చున్నాను.

"నాన్నకు అసలు పెట్టనేలేదు నువ్వు. అందుకని నాన్నకొకటి పెట్టాను, నాకొకటి పెట్టుకున్నాను."

"మరి నాకు?"

అది కుట్టుపని ఆపలేదు. "నువ్వు రెండూ నీకే పెట్టుకున్నావుగా అమ్మా."

కోపంగా అని ఉంటే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. మామూలుగా అంది.

"ఏ గ్రూపే నీది?"

"ఇప్పుడెందుకు? నాన్నది వచ్చింది. అయిపోయింది."

"చెప్పవే! అడుగుతున్నాగా!"

"సీఈసీ. మాస్టారు నీకు చెప్పారుగా. ఆ రోజు ఇంటికొచ్చాక ఎప్పుడు మాట తీస్తావా అని నీ వెనకే తిరిగాను." దారం కొరికి తెంపింది. "జంతికలు పెట్టావు."

మే 27

జంతికలు పెట్టాను.

మే 28

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. పిల్ల ఇష్టమే నా ఇష్టం అని ఎంత చక్కగా రాసుకున్నాను! తారీఖు కూడా వేసుకున్నాను. సిగ్గులేని మొహం.

మే 29

చెప్పేశాను.

మధ్యాహ్నం అందరూ తిన్నాక, పువ్వు చాపమీద పెట్టి మొత్తం చెప్పాను. రెండూ తెల్లవి కట్టింది నేనే అన్నాను, ఉదయ చేసిందీ చెప్పాను, మాస్టారి మాట దాచిందీ చెప్పాను. ఉదయ తల దించుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "దేవుడి ముందు మోసమా? ఎంత ధైర్యమే నీకు! ఈ ఇంట్లో మా తాతల నాటి నుంచి ఆ పొట్లాల మీద వ్యవసాయం చేశాం! కళ్ళు పోతాయి నీకు!" వీధిలోకి వినపడేలా అరిచాడు. పడ్డాను. నావైపు న్యాయం ఏముంది గనక?

"ఒరేయ్ పానకాలూ, ఇక ఊరుకోరా" అన్నారు మా అత్తయ్య.

"ఊరుకోవడమేంటమ్మా? నీ చేత్తో ఎన్నేళ్ళు కట్టావు, ఏనాడైనా ఇట్టాంటి పని చేశావా?"

"కట్టినన్నేళ్ళూ చేశా."

మా ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"అన్నదమ్ములిద్దరూ కొట్టుకు చస్తుంటే ఏం చెయ్యను? ఈ ఏడు ఏది వేస్తే మంచిదో నలుగుర్నీ అడిగి నేనే తేల్చుకునేదాన్ని. ఎర్రదనుకుంటే రెంట్లోనూ ఎర్రదే, తెల్లదనుకుంటే రెంట్లోనూ తెల్లదే. దేవుడు చెప్పాడంటే మీరు ఒకర్నొకరు తిట్టుకోరుగా."

"మరి నల్లపురుగు పడి తోటంతా పోయిన ఏడు?"

"అదీ నేనే. దేవుడి మీదకు నెట్టి తప్పించుకున్నా." ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. "కోడలు నా దగ్గర నేర్చుకుంది కాదు, దానంతటదే చేసింది. చేసిన పని మాత్రం ఒకటే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ పొట్లాల్లో రెండు రంగులు పెట్టిన మనిషి మా ఇంట్లో ఒక్క ఉదయే. పదిహేనేళ్ళ పిల్ల. తనకు ఎంత పెట్టుకుందో తండ్రికీ అంతే పెట్టింది. ఓడిపోయి, ఓడిపోయానని ఎవరికీ చెప్పకుండా బట్టల మీద పేరు కుట్టుకుంది.

"నాన్న మోసం లేకుండానే గెలిచాడు. నేను ఎంపీసీకే వెళ్తాను" అంది మెల్లగా.

మా ఆయన కండువా దులుపుకుని చేలోకి వెళ్ళిపోయాడు. ఈ ఎండలో చేలో ఏముంది, ఎండిన మోళ్ళు తప్ప.

మే 30

ఆయన నిన్న చీకటి పడ్డాక వచ్చాడు. అన్నం తిని పడుకున్నాడు. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ, నాతో కాదు, గుమ్మంతో అన్నట్టు అన్నాడు. "ఆ గవర్నమెంట్ కాలేజీకి మనూరి బస్సు ఎన్నింటికో కనుక్కో."

"ఎనిమిదింటికి నాన్నా" అంది ఉదయ లోపల్నుంచి. ఎప్పుడు కనుక్కుందో ఏమో!

తర్వాత వాకిట్లో నిలబడి లక్ష్మీకాంత్‌కు ఫోన్ చేశాడు. "సీటు ఇంకెవరికన్నా ఇచ్చుకో. మా అమ్మాయి సీఈసీ. ఆఁ, సీఈసీయే. మార్కులు రాక కాదు, వచ్చే!" అంటూ అరిచాడు. ఎదురింటావిడకు వినపడాలనే అరిచాడు.

నాకు ఆ తెల్లకోటు ఇంకా కళ్ళల్లోనే ఉంది. అబద్ధం ఎందుకు రాయను.

జూన్ 2

ఎనిమిది గంటల బస్సు తొమ్మిదికి వచ్చింది. ఉదయ ఎక్కింది. ట్రంకుపెట్టె మళ్ళీ అటకెక్కించాం.

సాయంత్రం వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పడం మొదలుపెట్టింది. గిరాకీ అట, సరఫరా అట. మా ఆయన మంచం మీద కూర్చుని ఊఁ కొడుతూనే ఉన్నాడు. నాకు సగం అర్థం కాలేదు. కానీ ఆ పిల్ల నెల రోజుల్లో మాట్లాడనిదంతా ఒక్క పూటలో మాట్లాడింది. అది చెప్తుంటే చెయ్యి పట్టుకుని చూశాను, కోతల్లో మండి ఊడిన చర్మం ఇంకా గరుకుగానే ఉంది. కొబ్బరినూనె రాశాను.

జూన్ 11

తొలకరి పడింది. బావగారు వచ్చారు. కింద చేలో ఈసారి పత్తి అని ఆయన, కాదు మిరపే అని ఈయన. గంట నుంచి అరుచుకుంటున్నారు. మా అత్తయ్య లోపల్నుంచి, "పూలు వేద్దాంరా, ఎందుకూ గోల. అమ్మాయ్, పొట్లాలు కట్టు" అన్నారు.

"నేను కట్టనత్తయ్యా. ఉదయ బస్సు దిగనివ్వండి, అది కడుతుంది" అన్నాను.